పదకొండు రొట్టెల సేపు

పదకొండు రొట్టెలు పొంగాయి. పిల్ల ఇంకా లేవలేదు.

గోదాంబరి నిప్పుల మీది రొట్టెను పట్టకారుతో తిప్పుతూ కిటికీలోంచి హాలు వైపు చూసింది. వంటింటికీ హాలుకీ మధ్య నాలుగడుగుల సందు. ఉక్కపోతని హాలు తలుపులు బార్లా తెరిచారు. ఎదురుగా వేదిక మీద ఆమె కూతురు కల్పేశ్వరి వెనక్కి వంగి, అరచేతులు నేలకు ఆనించి, వాటిని ఒక్కొక్క అంగుళం జరుపుకుంటూ వచ్చి తన మడమలు తానే పట్టుకుని ఉంది. పొట్ట పైకి, తల కిందికి. జడ చాప మీద చుట్టుకుని పడి ఉంది.

పక్కన అభినవ్ పాఠం చెబుతున్నాడు. ఈ యోగా బడి నడిపే గురూజీకి మేనల్లుడు. టీచర్లు కావడానికి వచ్చిన ఇరవైమందీ నోటు పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని వింటున్నారు. మొదటి మూడు రొట్టెలదాకా అతను వెన్నెముక గురించే చెప్పాడు. నాలుగోదానికి మీరట్ నుంచి వచ్చిన పెద్దాయన ఏదో ప్రశ్న వేశాడు. ప్రాణం అన్నారు, నాడులు అన్నారు, ఢిల్లీలో ఎవరో డాక్టరు అన్నారు. ఒకళ్ళ మాట మీద ఒకళ్ళు నవ్వుకున్నారు. అభినవ్ వేదిక అంచున కూర్చుని కాళ్ళు ఊపుతూ జవాబు చెబుతున్నాడు. అతని వీపు వెనక పిల్ల విల్లులా ఉంది. దాని మోచేతులు వణకడం గోదాంబరికి ఇక్కడికే కనిపిస్తోంది.

పన్నెండోది.

"దీదీ, రొట్టె మాడుతోంది. పిల్ల మాడటం లేదులే," అన్నాడు పప్పు కలుపుతున్న వంటమనిషి బచ్చీరామ్.

"నడుం పుటుక్కుమంటే?"

"దాని నడుం రబ్బరు. మొన్న పోస్టరు మీద చూడలేదూ? బస్టాండు దగ్గర అతికించారు."

"రబ్బరూ ఒకనాటికి తెగుతుంది."

గోదాంబరి మాడిన రొట్టెను పక్కన పెట్టి మళ్ళీ చూసింది. అప్పుడు ఎవరో నవ్వుతూ వేదిక వైపు చెయ్యి చూపించారు. అభినవ్ వెనక్కి తిరిగి, "అరె, ఉన్నావా ఇంకా. విడువు, విడువు," అన్నాడు. అందరూ నవ్వారు. కల్పూ మెల్లగా చేతులు దూరం జరుపుకుని, నడుం దించి, చాప మీద వెల్లకిలా పడుకుంది. పిల్ల పొట్ట కదిలేదాకా గోదాంబరి అప్పడాల కర్రను అలాగే పట్టుకుని నిలబడింది.

తరగతి అయ్యాక కల్పూ సందులోకి వచ్చి కిటికీలోంచి చెంబు అందుకుని గటగటా తాగింది. మొహం ఎర్రగా కమిలి ఉంది.

"అంతసేపా?"

"ఎంతసేపు?"

"పన్నెండు రొట్టెలు. ఒకటి మాడింది."

కల్పూ నవ్వింది. "మర్చిపోయాడమ్మా."

"నువ్వు లేవొచ్చుగా?"

"ఆయన విడువు అంటేనే లేవాలి. ప్రదర్శన అంటే అంతే. నోరు ఆయనది, ఒళ్ళు నాది."

"ఏదైనా అయితే?"

"ఇంకెంత, నాలుగు రోజులేగా. శనివారం నా వంతు. ఆరోజు నోరూ నాదే."

ప్రదర్శన చేస్తున్నందుకు కల్పూకి శిక్షణ ఉచితం. రెండు బ్యాచ్‌లు అలాగే అయిపోయాయి. గంటసేపు తరగతి నడిపి చూపించే చివరి పరీక్ష మాత్రం రెండుసార్లూ తప్పిపోయింది. మిగతావాళ్ళ పరీక్షలకు వేదిక మీద వంగడానికి మనిషి కావాలి కదా, నీది వచ్చే బ్యాచ్‌లో చూద్దాం అన్నారు. ఇప్పుడు కొండల మీది పౌడీ ఊళ్ళో ఆడపిల్లల బడిలో యోగా టీచరు పని ఉందని కబురొచ్చింది. పదో తేదీలోగా సర్టిఫికెట్టు చూపించాలి. శనివారం తప్పితే పౌడీ తప్పినట్టే.

మధ్యాహ్నం గిన్నెలు కడిగేశాక గోదాంబరి చేతులు తుడుచుకుని గురూజీ గదికి వెళ్ళింది. దారి పొడుగునా అనుకుంటూ వెళ్ళిన మాట ఒకటే. మీ అబ్బాయి నా పిల్లను వంచి మర్చిపోయాడు, ఇక అలా చెయ్యొద్దనండి. గురూజీ పాలు తాగుతున్నాడు. మంచిమనిషి. "రా గోదాంబరీ, కూర్చో," అన్నాడు. కూర్చోమనేసరికి అనుకున్న మాట బయటికి రాలేదు. మీ అబ్బాయి అని ఎలా అనడం? అన్నాక పిల్లను పొమ్మంటే? తననూ పొమ్మంటే? గదీ పోతుంది, పనీ పోతుంది, పిల్ల రెండేళ్ళ కష్టమూ పోతుంది.

"పిల్లకి నడుం నొప్పిగా ఉందండీ," అంది.

"అయ్యో. ఎప్పట్నుంచి?"

"ఈమధ్యే. మరీ అంతసేపు వంచకుండా కాస్త చూడమని..."

"చూద్దాం, చూద్దాం. నాకు చెప్పి మంచిపని చేశావు." ఆయన బల్ల మీది పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. లేచి అలమారలోంచి నువ్వులనూనె సీసా తీసి ఇచ్చాడు. "గోరువెచ్చగా చేసి రాయి."

సీసా కొంగులో పెట్టుకుని మెట్లు దిగుతుంటే గోదాంబరికి కాళ్ళు తేలిగ్గా అనిపించాయి. అబద్ధమైతే అయింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు అనుకుంది.

సాయంత్రం గదిలో కల్పూ మంచం నిలబెట్టి, ఖాళీ అయిన చోట దుప్పటి పరిచింది. వారం రోజులుగా తల్లే దాని శిష్యురాలు.

"కుడిచెయ్యి పైకి," అని కల్పూ ఎడమచెయ్యి ఎత్తింది.

"నువ్వు ఎడమది ఎత్తావే."

"నేను అద్దంలా ఎత్తుతానమ్మా. ఎదురుగా ఉన్నవాళ్ళకి అదే కుడి. నువ్వు నన్ను చూడకు, నా మాట విను."

"చూడకుండా వినడం నాకెక్కడ వచ్చు."

అయినా గోదాంబరి చెయ్యి ఎత్తింది. కల్పూ అంకెలు పెట్టింది. ఒకటి, రెండు, మూడు. మూడుకే గోదాంబరికి కళ్ళు తిరిగినట్టయి చెయ్యి దించేసింది. కల్పూ చూడలేదు. కళ్ళు మూసుకుని పాఠం ఒప్పజెప్పినట్టు అయిదుదాకా వెళ్ళింది. తెరిచేసరికి తల్లి మళ్ళీ చెయ్యెత్తి నిలబడి ఉంది.

"దించేశావు కదూ?"

"లేదు."

"అమ్మా."

"నీ అయిదు నాకు పదిహేను. నువ్వు ఊపిరి తీస్తే చేంతాడు లాగినట్టు వస్తూనే ఉంటుంది. నాకు అంత లేదు."

కల్పూ దగ్గరికొచ్చి తల్లి వీపు మీద అరచెయ్యి ఆనించింది. కాసేపు అలాగే ఉంచింది. "అమ్మా, నువ్వసలు పీల్చడమే లేదు. బిగబట్టావు. భుజాలు చూడు, చెవుల్లోకి ఎక్కాయి."

"ఎప్పుడూ అక్కడే ఉంటాయి."

"ఎందుకు?"

"ఏమో. ఏదైనా అవుతుందేమోనని."

కల్పూ నవ్వలేదు. "మళ్ళీ చేద్దాం. ఈసారి నీ ఊపిరి ఎంతైతే అంకె అంత," అంది. కళ్ళు మూసుకోలేదు. తల్లి పక్కటెముకలు కదలడం చూస్తూ లెక్కపెట్టింది. ఆ రాత్రి గోదాంబరి భుజానికి నువ్వులనూనె రాసుకుని పడుకుంది. సీసా ఎక్కడిదని పిల్ల అడగలేదు.

గురువారం పొద్దున హాలు గుమ్మం దగ్గర కాగితం అతికించారు. కల్పూ పాల బిందె దించడానికి వచ్చినప్పుడు దాని మొహం పాలలాగే ఉంది.

"నా పేరు కొట్టేశారు."

"ఎక్కడ?"

"పరీక్షలో. నడుం నొప్పట. నొప్పి ఉన్నవాళ్ళు పరీక్షకి కూర్చోకూడదని రూలుందట. గురూజీ పుస్తకంలో రాసి ఉందని అభినవ్ సార్ చెప్పాడు. నాకు నడుం నొప్పని ఎవరు చెప్పారమ్మా?"

గోదాంబరి పిండి కలుపుతోంది. నీళ్ళు ఎక్కువయ్యాయి. మళ్ళీ పిండి పోసింది.

"ఎవరు చెప్పారు?"

"నేనే."

బచ్చీరామ్ తిరగలి ఆపేశాడు.

"మొన్న అంతసేపు వంచాడని. ఆ మాట అనలేక ఈ మాట అన్నాను."

కల్పూ అరిచినా బాగుండేది. బిందె గచ్చు మీద పెట్టి, మూత సరిగ్గా సర్ది, వెళ్ళిపోయింది.

"పదో తేదీకి ఇంకెన్నాళ్ళు దీదీ?" అన్నాడు బచ్చీరామ్.

"నోరు మూసుకుని పప్పు విసరవయ్యా."

పిండి ముద్దను గుడ్డతో కప్పి గోదాంబరి హాలు గుమ్మం దగ్గరికి వెళ్ళింది. ఆమె చదువు అయిదో తరగతి. కాగితం కింద వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంది. శనివారం. పొద్దున ఆరింటినుంచి పన్నెండుదాకా, ఆరుగురు. ఆరో పేరు మీద గీత. గీత కింద కూడా కల్పేశ్వరి అని చదవొస్తోంది. దాని పక్కన ఇంకో గడి. పైన 'ప్రదర్శన' అని రాసి ఉంది. ఆ గడిలో అయిదుసార్లూ ఒకటే పేరు. కల్పేశ్వరి. కల్పేశ్వరి. కల్పేశ్వరి. గోదాంబరి మళ్ళీ మొదట్నుంచి చదివింది, తనకే చదవడం రావడం లేదేమోనని.

చేతులకు పిండి ఉండగానే గురూజీ గదిలోకి వెళ్ళింది. అభినవ్ కూడా అక్కడే ఉన్నాడు. ఈసారి కూర్చోమన్నా కూర్చోలేదు.

"పిల్లకి నడుం నొప్పి లేదండీ. నేను అబద్ధం చెప్పాను."

గురూజీ కళ్ళజోడు తీశాడు. "ఎందుకు చెప్పావు?"

"భయమేసి."

"భయమేస్తే అబద్ధం చెబుతావా?"

"భయమేస్తే నోటికి ఏదొస్తే అది చెబుతానండీ."

అభినవ్ నవ్వాడు. "ఇప్పుడు చెప్పేది అబద్ధం కాదని నమ్మకం ఏంటి? పిల్లను పరీక్షకి కూర్చోబెట్టడానికి చెబుతున్నావేమో. రేపు ఏమైనా అయితే మా పీకకి చుట్టుకుంటుంది."

అదే భయం గోదాంబరికీ ఉంది. రేపు ఏమైనా అయితే. ఆ మాట వినగానే ఎప్పటిలాగే భుజాలు పైకి లేచాయి. అయినా వేలితో గుమ్మం వైపు చూపించింది.

"మరి ఆ కాగితంలో అయిదుసార్లు వంగడానికి రాశారు బాబూ. నొప్పుంటే రెండింటికీ ఉంటుంది. లేకపోతే రెండింటికీ లేదు. ఏదో ఒకటి రాయండి."

అభినవ్ మామ వైపు చూశాడు. గురూజీ కళ్ళజోడు పెట్టుకుని బల్ల మీది రెండో ప్రతి తీసి, వేలు పెట్టి, ఆమె చదివినంత నెమ్మదిగా చదివాడు. "చివరి వంతు దానికే ఉంచు," అన్నాడు.

"దానికి ప్రదర్శన ఎవరు చేస్తారు?"

"తనే చేసుకుంటుంది."

"చెప్పుకుంటూ చేసుకుంటుందా?" అభినవ్ కాగితం తీసుకుని లేచాడు. "సరే. చూద్దాం."

ఆ సంగతి గోదాంబరి గదికి వచ్చి చెప్పింది. కల్పూ గోడవైపు తిరిగి పాఠం రాసుకుంటోంది. "చూశాను. మళ్ళీ రాశారు," అంది. అంతే. ఆ సాయంత్రం మంచం నిలబెట్టలేదు. మర్నాడూ నిలబెట్టలేదు. గోదాంబరి ఒక్కతే వంటింట్లో పెనం ముందు నిలబడి కుడిచెయ్యి పైకెత్తి చూసుకుంది. ఊపిరి ఎప్పుడు ఆగిపోతుందో గమనిస్తే, ఎత్తకముందే ఆగిపోయి ఉంది.

శనివారం పరీక్ష చెయ్యడానికి ఉత్తరకాశీ నుంచి పైన్యూలీ మాతాజీ వచ్చింది. డెబ్బయ్యేళ్ళు దాటిన మనిషి. గోడకు ఆనుకోకుండా కూర్చుని, ఎవరేం చెప్పినా పెన్సిలుతో చిన్న చిన్న గీతలు పెడుతోంది. పదకొండింటికల్లా కల్పూ అయిదుగురికీ వంగడం అయిపోయింది. చివరివంతు వచ్చేసరికి కూర్చున్నవాళ్ళు పల్చబడ్డారు. ఒకతనికి హరిద్వార్ రైలు, ఇద్దరికి ఆకలి. చాపల మీద అయిదుగురే మిగిలారు. ఆరుగురు లేందే తరగతి కాదని రూలు.

"ఇది కూడా రూలే మాతాజీ," అన్నాడు అభినవ్ మెత్తగా. "వచ్చే బ్యాచ్‌లో పెట్టుకుందాం."

మాతాజీ హాలు తలుపులోంచి వంటింటి కిటికీ వైపు చూసింది. "అక్కడ రొట్టెలు చేసే ఆమెకి ఒళ్ళు లేదా? రమ్మను."

బచ్చీరామ్ పట్టకారు లాక్కుని, "పో దీదీ, నేను చూస్తాలే," అన్నాడు. గోదాంబరి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆరో చాప మీద నిలబడింది. తన వల్లే ఒకసారి పోయింది. ఇప్పుడు మళ్ళీ తన వల్లే పోతుంది. కిందపడతానేమో, కుడి ఎడమ తప్పుతానేమో, అందరూ నవ్వుతారేమో.

తరగతి మొదలుపెట్టేముందు ఒక్కొక్కరినీ నొప్పులేమైనా ఉన్నాయా అని అడగాలి. కల్పూ అయిదుగురినీ అడిగింది. మీరట్ పెద్దాయన రక్తపోటన్నాడు. ఆరో చాప దగ్గరికి వచ్చి నిలబడింది. రెండు రోజులుగా తల్లి మొహం వైపు చూడని పిల్ల ఇప్పుడు సూటిగా చూసి, పరాయి పెద్దావిడను పిలిచినట్టు పిలిచింది.

"మాజీ, మీకేమైనా నొప్పులున్నాయా?"

"కుడి మోకాలమ్మా. ఎడమ భుజం కొంచెం." గోదాంబరి గొంతు సవరించుకుంది. "నడుం నొప్పి లేదు. ఎవరికీ లేదు."

కల్పూ పెదవి ఒక పక్క కదిలింది. "సరే. మోకాలి కింద ఈ దుప్పటి మడత పెట్టుకోండి," అని ముందుకు వెళ్ళిపోయింది.

వేదిక ఎక్కలేదు. చాపల మధ్య, అందరికీ కనిపించేచోట నిలబడి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని మొదలుపెట్టింది. అరికాలి ఏ భాగం నేలను తాకుతోందో చూసుకోమంది. మడమల మధ్య పిడికిలి పట్టేంత ఎడం ఉంచమంది. కుడిచెయ్యి పైకి అంది. తను ఏ చెయ్యీ ఎత్తలేదు. చూడ్డానికి ఏమీ లేకపోయేసరికి గోదాంబరికి వినక తప్పలేదు. కుడిచెయ్యే లేచింది.

"ఒకటి," అంది కల్పూ. ఆ ఒకటి పొట్టిగా ఉంది. గోదాంబరి ఊపిరి అయిపోయినచోటే అదీ అయిపోయింది. రెండు. మూడు. "దించండి." ఆరుగురి చేతులూ ఒక్కసారే దిగాయి.

బోర్లా పడుకుని ఛాతీ ఎత్తేటప్పుడు కల్పూ ఆరో చాప దగ్గరే లేదు. అయినా అంకెలు గోదాంబరి ఊపిరి లెక్కనే వస్తున్నాయి. మధ్యలో రెండడుగులు వేసి మీరట్ పెద్దాయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఆయన మెడ ఎర్రబడి, కణతల దగ్గర నరం లేచి ఉంది. "బాబూజీ, మీరు ఇప్పుడే దిగండి. చెంప చాపకి ఆనించండి," అంది. ఆయన ఇంకా ఉండగలనన్నాడు. "ఉండగలరు. దిగండి," అంది. దిగాడు.

"నువ్వు చూపించడం లేదు," అన్నాడు అభినవ్ గోడ దగ్గర్నుంచి.

"అర్థమవుతోంది సార్. చేస్తున్నారు, చూడండి."

"జాబితాలో చక్రాసనం ఉంది. అదైనా చేసి చూపించు. ఈ స్కూలు పోస్టరు మీద నీ బొమ్మే ఉంది."

కల్పూ చేతులు వెనకే ఉన్నాయి. "నేను వంగితే వీళ్ళు కనిపించరు సార్."

అభినవ్ అన్నాడు, "నడుం నొప్పి నిజమేనేమో మరి."

గోదాంబరి చాప మీంచి సగం లేచింది. ఏం చెబుదామని లేచిందో ఆమెకే తెలియదు. నోటికి ఏదొస్తే అది.

"మాజీ," అంది కల్పూ, వెనక్కి తిరక్కుండానే. "ఊపిరి."

గోదాంబరి కూర్చుంది. బిగబట్టింది వదిలింది. వదులుతూ ఉంటే ఇంకా ఇంకా వచ్చింది, ఎన్నాళ్ళనుంచో లోపల ఉన్నట్టు.

చక్రాసనం బదులు అందరినీ వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు మడిచి, నడుం మాత్రం నాలుగు వేళ్ళ ఎత్తు లేపించింది. పెద్దాయనను అదీ వద్దని ఊరికే పడుకోమంది. చివర శవాసనంలో గోదాంబరికి పప్పు అడుగంటుతుందేమోనని గుర్తొచ్చింది. బచ్చీరామ్ ఉప్పు రెండుసార్లు వేస్తాడేమోననీ గుర్తొచ్చింది. ఆ తర్వాత కల్పూ గొంతు తప్ప ఏమీ గుర్తులేదు.

లేచేసరికి మాతాజీ, అభినవ్ కాగితం మీద వంగి ఉన్నారు.

"ప్రదర్శనకి ఇరవై మార్కులున్నాయి మాతాజీ. ఒక్క ఆసనమూ వెయ్యలేదు. ఏం వెయ్యమంటారు?"

"సున్నా వెయ్యి బాబూ," అంది మాతాజీ పెన్సిలు చెక్కుకుంటూ. "మిగతా ఎనభై నేను వేస్తాను. నువ్వు రాయి, నేను చెబుతాను."

సందులో కిటికీ దగ్గర కల్పూకి చెంబు అందిస్తూ, "ఎంతొచ్చాయి?" అంది గోదాంబరి.

"చాలినన్ని." కల్పూ నీళ్ళు తాగి చెంబు ఇచ్చింది. "గురక పెట్టావు."

"నేనా?"

"మాతాజీ దానికి కూడా ఏదో గీత పెట్టింది."

బుధవారం తెల్లవారుతుండగా కల్పూ పౌడీ బస్సు ఎక్కింది. గోదాంబరి బస్సు టైర్లు చూసింది, డ్రైవరు కళ్ళు చూసింది, కిటికీ పక్కన కూర్చోవద్దంది, కిటికీ పక్కన కూర్చుంటే వాంతి కాదు కూర్చోమంది. కొండచరియలు విరిగిన చోట దిగి నడవమంది. కల్పూ అన్నిటికీ ఊఁ కొట్టి, బస్సు కదిలాక కిటికీలోంచి తన భుజాలు రెండూ చూపించి కిందికి అని సైగ చేసింది.

ఆరోజే కొత్త బ్యాచ్ మొదలు. పదకొండింటికి హాలు తలుపులు తెరిచారు. గోదాంబరి రెండు పెనాలూ పెట్టి మొదటి రొట్టె వేసింది. ఈపాటికి బస్సు దేవప్రయాగ దాటి ఉంటుంది. దాటిందో, అక్కడే ఆగిపోయిందో.

"దీదీ, అటు చూడు," అన్నాడు బచ్చీరామ్.

వేదిక మీద అభినవ్ ఒక్కడే ఉన్నాడు. కొత్తవాళ్ళు పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నారు. వెన్నెముక గురించి చెబుతూ చెబుతూ అతను చొక్కా సర్దుకుని, వెల్లకిలా పడుకుని, అరచేతులు చెవుల పక్కన ఆనించి నడుం పైకి లేపాడు. లేపాక మాట ఆగిపోయింది. వెనక వరసలో ఎవరో చెయ్యెత్తి ఏదో ప్రశ్న అడిగారు.

ఒక రొట్టె పొంగింది. రెండోది పొంగింది. మూడోది పెనం మీద ఉండగానే అతను లేచి కూర్చున్నాడు.

గోదాంబరి ఊపిరి వదిలి, మూడోదాన్ని తిరగేసింది.